మిగిలిన కర్టెన్

ఆవిడకు బొంగరం అని పేరు పెట్టింది అత్తగారే. కాపురానికి వచ్చిన కొత్తల్లోనే పెట్టేసింది. కోడలు ఒకచోట కూర్చుని కాఫీ తాగడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. గ్లాసు పట్టుకుని కిటికీ దాకా వెళుతుంది, ఒక గుక్క తాగి అక్కడే పెట్టేస్తుంది, ఏదో గుర్తొచ్చి వీధి తలుపు దగ్గరికి పరిగెడుతుంది. సాయంత్రం ఊడ్చేటప్పుడు ఆ గ్లాసు ఏ కుర్చీ కిందో దొరుకుతుంది. "ఒక్క క్షణం కుదురుగా కూర్చోవే తల్లీ, చూసే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అని అత్తగారు మొత్తుకునేది. నిజం చెప్పాలంటే, కుదురుగా కూర్చోవడానికి ఆవిడకు తనదంటూ ఒక చోటు ఎప్పుడూ లేదు.

ఆవిడ పని కర్టెన్లు కుట్టడం. చిన్నతనంలో ఒక బట్టల కొట్లో అంచులు మడిచి కుట్టే పనికి కుదిరింది. ఆ తర్వాత సొంతంగా ఒక మిషను కొనుక్కుంది, కొన్నాళ్ళకు ఇంకొకటి. చివరికి బజారు వెనక ఒక ఇరుకు కొట్టు అద్దెకు తీసుకుని, మరో ఇద్దరు ఆడవాళ్ళకు పనిచ్చే స్థితికి వచ్చింది. ఊళ్ళో సగం కిటికీలకు ఆవిడ కుట్టిన కుచ్చిళ్ళే వేలాడుతుంటాయి. సొంత కొంపలో మాత్రం కిటికీ ఊచలకు పురికొస కట్టి, దాని మీద పాత దుప్పటి ఆరేసినట్టు వేసేది. చూసినవాళ్ళు నవ్వేవారు. ఆవిడకు నవ్వు వచ్చేది కాదు.

దానికి కారణం అద్దె ఇళ్ళు. ఏ ఇంటాయన తాళాలు చేతికిచ్చినా, ఇస్తూ ఇస్తూ చెప్పే మొదటి మాట ఒకటే: "గోడలకి మేకులు మాత్రం కొట్టకండి." ఒకాయనైతే నెల నెలా అద్దెకు వచ్చినప్పుడు చెప్పులు విప్పి లోపలికొచ్చి, గోడలను అరచేత్తో తడిమి చూసి మరీ వెళ్ళేవాడు. మేకు లేకపోతే రాడ్డు లేదు, రాడ్డు లేకపోతే కర్టెన్ లేదు. గోడ గడియారం బీరువా మీద పడుకుని టైము చెప్పేది. పోయిన మామగారి ఫోటో ఫ్రిజ్ మీద గోడకు ఆనించి ఉండేది. ఫ్రిజ్ మోటారు ఆన్ అయినప్పుడల్లా మామగారు గడగడా వణికేవాడు. "ఆయన బతికున్నప్పుడు ఎవరికీ భయపడలేదు, ఇప్పుడు చూడు," అని అత్తగారు కళ్ళొత్తుకునేది.

ఇంతలో ఇంటాయన వచ్చి, తన వాళ్ళు దిగుతున్నారనీ, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలనీ చల్లగా చెప్పి వెళ్ళాడు. ఆ పూట బొంగరం అన్నం తినలేదు. గిన్నెలు కడిగింది, కడిగినవే మళ్ళీ కడిగింది. చివరికి లిఫ్టులు బాగుచేసే మొగుడు పని నుంచి రాగానే ఎదురెళ్ళి నిలబడింది.

"ఏమండీ, ఇంక నావల్ల కాదు. ఈసారి మారితే మన ఇంటికే మారదాం."

"చూద్దాం," అన్నాడాయన. ఆయన ఏ సంగతికైనా అదే మాట అంటాడు. కానీ మర్నాడే సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్ళాడు.

దొరికిన ఇల్లు ఒక సన్నటి వీధిలో, పక్కింటితో గోడ కలిసిపోయి ఉంది. కింద హాలు, ఒక గది, వెనక వంటిల్లు. పైన కూడా గదులు. వెనకాల చిన్న పెరడు, ఆ పెరడు అవతల ఒక సందు. పెరడు చూడగానే ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి. అక్కడ కింద ఒక గది, దాని మీద ఒక గది వేస్తే? కింద బట్టల తానులు, పైన కత్తిరించే బల్ల, మిషన్లు. బజారు వెనక కొట్టుకు అద్దె కట్టే పని ఉండదు. మెట్ల పై దాకా వెళ్ళింది కానీ, ఇల్లు అమ్మే ఆయన భార్య తలనొప్పితో గదిలో పడుకుని ఉందంటే లోపలికి వెళ్ళకుండానే వెనక్కి వచ్చేసింది. అప్పటికే ఆవిడ మనసులో పెరట్లో మిషన్లు తిరుగుతున్నాయి.

లోను మంజూరైంది. మంజూరైన కాగితం నెలాఖరు దాకే చెల్లుతుంది. ఈలోపు ఇల్లు బ్యాంకుకు తాకట్టు పెట్టుకోవడానికి పనికొస్తుందని లాయరు తేల్చాలి. ఆ లాయరమ్మ చిన్న వయసు మనిషే కానీ ప్రశ్నలు మాత్రం వానజల్లు. ఉమ్మడి గోడకు సున్నం ఎవరు వేయిస్తున్నారు? మురుగునీళ్ళు ఎటు పోతున్నాయి? వెనక సందులో నడిచే హక్కు ఎవరెవరికి ఉంది? ఇరుగుపొరుగుతో గొడవలేమైనా ఉన్నాయా? అమ్మేవాళ్ళు కాక ఆ ఇంట్లో ఇంకెవరైనా ఉంటున్నారా?

"ఈయన్ని చేసుకునేటప్పుడు కూడా నేనిన్ని ఆరాలు తీయలేదమ్మా," అంది బొంగరం, కుర్చీ అంచున కూర్చుని కాలు ఊపుతూ.

"మొగుడి మీద బ్యాంకు లోనివ్వదు కదండీ," అంది లాయరమ్మ తల ఎత్తకుండా. "ఇంకొక్కటి. అన్ని గదుల్లోకీ మీరు స్వయంగా వెళ్ళి చూశారా? పైనా కిందా, ప్రతి గదీ?"

"చూడ్డం ఏమిటి, ప్రతి కిటికీ కొలిచాను," అంది ఆవిడ గర్వంగా.

కొలిచిన మాట నిజమే. ఎలా కొలిచిందో అడగాలి. అంతకు ముందు రోజు పొద్దున్నే, ఆ ఇంటివాళ్ళు ఊళ్ళో లేరని తెలిసి కూడా, ఉండబట్టలేక వెళ్ళింది. కొట్లో ఎత్తు కిటికీలకు వాడే గుర్తులు పెట్టిన పొడుగు కర్ర ఒకటుంది. అది పట్టుకుని వీధిలో కొంతసేపు, వెనక సందులోంచి పెరట్లోకి దూరి కొంతసేపు నిలబడి, గోడకు ఆనించి, బయటినుంచే అన్నీ కొలిచేసింది. కర్టెన్‌కు కొలత లోపలినుంచి తీయాలన్నది ఆ పనిలో మొదటి పాఠం. బయటినుంచి కొలిచిన వాళ్ళను కొట్లో ఆవిడే చెడామడా తిట్టేది. కానీ ఆ పొద్దున ఆవిడ కర్టెన్లు కుట్టే మనిషి కాదు, ఇంటావిడ. ఆగలేకపోయింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆవిడ ట్రంకు పెట్టె అడుగున లేతాకుపచ్చ గుడ్డ ఒకటి ఉంది. పెళ్ళయిన కొత్తల్లో మొదటి కూలి డబ్బులతో కొన్నది. సొంత ఇల్లు వచ్చినప్పుడు కత్తెర పెట్టాలని, మారిన ప్రతి ఇంటికీ మోసుకు తిరిగింది. ఆ సాయంత్రమే దాన్ని బల్ల మీద పరిచి బరబరా కత్తిరించేసింది. లోను డబ్బు రాలేదు, రిజిస్ట్రేషన్ కాలేదు, తాళాలు చేతికి రాలేదు. కర్టెన్లు మాత్రం తయారైపోయాయి.

రిజిస్ట్రేషన్ ముందు ఒకసారి వెళ్ళి ఇల్లంతా తిరిగి చూసి రమ్మంది లాయరమ్మ. మధ్యాహ్నం మొగుణ్ణి వెంటబెట్టుకుని, చంకలో కర్టెన్ల మూట పెట్టుకుని వెళ్ళింది. ఇల్లు అమ్మే ఆయన అప్పటికే సామాను సర్దేసి, తాళాలిచ్చి, "తాపీగా చూసుకోండి" అని బజారుకు వెళ్ళిపోయాడు. ఆవిడ ఒక్కో కిటికీ దగ్గర ఒక్కో కర్టెన్ ఎత్తి పట్టుకుని, వేలు మందం అటూ ఇటూగా సరిపోతే చాలనుకుంటూ, హాలు, గది, వంటిల్లు, పైన ముందు గది, మధ్య గది అన్నీ చుట్టేసింది.

చేతిలో ఒక కర్టెన్ మిగిలింది.

"ఎక్కడో ఒక కిటికీ మర్చిపోయామండీ," అంది.

మళ్ళీ తిరిగింది. బీరువా వెనక చూసింది. మెట్ల కింద చూసింది. మొగుడు గడప మీద కూర్చుని, "ఒకటి ఎక్కువ కుట్టావేమోలే," అన్నాడు. ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది. కిటికీలు లెక్కపెట్టడం తనకు రాదా? పెరట్లోకి వెళ్ళి తలెత్తి చూసింది. వంటింటి కిటికీ, దానికి సరిగ్గా పైన ఇంకొకటి. పెద్దది, తలుపులు బార్లా తెరిచి ఉంది. పరుగున మెట్లెక్కి పైకి వెళ్ళింది. ముందు గది, మధ్య గది, ఆ తర్వాత సున్నం వేసిన గోడ. కింద వంటిల్లున్నంత మేర పైన ఏమీ లేదు. గోడ మీద చెయ్యి వేసి నిలబడింది. గోడ అవతల ఎవరో దగ్గారు. ఆ వెంటనే ఏదో మిషను గిర్రున తిరగడం మొదలైంది.

కింద వంటిల్లు తమది. పైన గది వేరెవరిదో.

ఇల్లు అమ్మే ఆయన తిరిగొచ్చాక అడిగితే, అందులో వింతేముందన్నట్టు చూశాడు. రెండిళ్ళూ ఒకప్పుడు ఒకటేనట. పంచుకున్నప్పుడు వంటింటి మీది గది పక్కింటి వాటాకు వెళ్ళిందట. దానికి దారి కూడా పక్కింట్లోనుంచేనట. "ఆ గది మాది కాదని వీధిలో అందరికీ తెలుసు. మీరు అడగలేదు, నేను చెప్పలేదు," అని చేతులు దులుపుకున్నాడు. బ్యాంకు తరఫున కొలవడానికి వచ్చినాయన కింది అంతస్తు కొలిచి, పైది కూడా అంతే అని రాసుకుని వెళ్ళిపోయాడట.

దారిలో మొగుడు, "లాయరమ్మకు చెబుదాం," అన్నాడు.

"చెబితే?"

"చూద్దాం."

"ఏం చూస్తారండీ? చెబితే లోను ఆపేస్తారు. నెలాఖరు అయిపోతుంది. అత్తయ్యని తీసుకుని రోడ్డు మీద నిలబడదామా?"

ఆయన ఇంకేమీ అనలేదు. ఆవిడకు కావలసింది కూడా అదే, కానీ ఆ మౌనం ఆవిడను ఇంకా పొడిచింది. ఎవరూ అడగనిదాన్ని ఎందుకు చెప్పాలి? బ్యాంకువాళ్ళు వచ్చి కిటికీలు లెక్కపెడతారా? సంతకాలు అయిపోతే ఎవడేం చేస్తాడు? ఇలా తనలో తనే లాయర్లా వాదించుకుంటూ రెండు రోజులు తిరిగింది. కొట్లో ఎవరివో కర్టెన్లు తలకిందులుగా కుట్టి, మళ్ళీ విప్పింది. ఫోను మోగితే ఉలిక్కిపడింది. అడగలేదన్నది కూడా అబద్ధమే. లాయరమ్మ అడిగింది. ప్రతి గదీ చూశారా అని నోరారా అడిగింది. తను బడాయిగా కిటికీలు కొలిచానంది.

ఆ మధ్యలో ఒక పూట ఇంటాయన దిగబోయే తన వాళ్ళను తీసుకొచ్చి ఇల్లు చూపించాడు. వాళ్ళు అడగకుండానే వంటింట్లో అల్మారా తెరిచి చూశారు. అత్తగారు ఉలిక్కిపడి పైట సర్దుకుని మూలకు జరిగింది. తన ఇంట్లో తను తప్పుకుని నిలబడినట్టు నిలబడింది. బొంగరం అది చూసింది. రేపు ఆ కొత్త ఇంట్లో తలుపు తట్టిన చప్పుడైనప్పుడల్లా తను కూడా ఇలాగే ఉలిక్కిపడుతుంది. ఈ సంగతి ఎవరికి తెలిసిందో, ఎవరు ఏ కాగితం పట్టుకొచ్చారో అని. తాళం చెవి కొంగున కట్టుకుని కూడా అద్దెకున్నట్టే బతుకుతుంది. ఇంక ఆగలేదు. చెప్పులు కూడా ఒక కాలిదొకటి, ఇంకో కాలిదొకటి వేసుకుని లాయరమ్మ ఆఫీసుకు వెళ్ళింది.

"నేను అబద్ధం చెప్పానమ్మా. అప్పటికి పైన గదులు నేను చూడలేదు. బయటినుంచి కొలిచాను. వంటింటి మీది గది పక్కింటివాళ్ళదట," అంది, కూర్చోకుండానే.

లాయరమ్మ కలం కింద పెట్టింది. అరవలేదు. "నేనూ ఒకసారి వెళ్ళి చూసి ఉండాల్సింది. హద్దులు నేల మీద చూసుకున్నాను, గాల్లో చూసుకోలేదు," అంది. తర్వాత విడమరిచి చెప్పింది. ఆ గది పక్కవాళ్ళదే, అందులో తిరుగు లేదు. కానీ అది వీళ్ళ గోడల మీద నిలబడి ఉంది. రేపు ఆ గది నేల కుంగితే వంటిల్లు పోతుంది. వంటింటి గోడ బీటవేస్తే ఆ గది పోతుంది. ఎవరు బాగుచేయించాలో ఎక్కడా రాసి లేదు. అలాంటి ఇంటిని బ్యాంకు తాకట్టు పెట్టుకోదు. రెండిళ్ళవాళ్ళూ కలిసి ఒక ఒప్పందం రాసుకుని రిజిస్టరు చేయిస్తే మాత్రం లోను వస్తుంది. గోడలు వీళ్ళు చూసుకోవాలి, నేలా కప్పూ ఆయన చూసుకోవాలి.

"ఆయన సంతకం పెడతాడా?"

"అది మీరే అడగాలి. అమ్మేవాళ్ళకీ ఆయనకీ మాటల్లేవట. గొడవల్లేవని మాత్రం నాకు చెప్పారు," అంది లాయరమ్మ, మొహం కాస్త చిరాగ్గా పెట్టి.

పక్కింటాయన కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. వీధిలో అందరూ పళ్ళాయన అంటారు. బొంగరం వెళ్ళి తలుపు తడితే సగమే తీశాడు.

"వాడు పంపించాడా?"

"ఎవరూ పంపలేదండీ. పక్కిల్లు కొనుక్కుంటున్నాం. పొరపాటున మీ కిటికీకి కర్టెన్ కుట్టేశాను. ఇచ్చిపోదామని వచ్చాను."

పళ్ళాయన జీవితంలో పక్కింటివాళ్ళ నుంచి చాలా మాటలు పడ్డాడు కానీ, ఇలాంటిది ఎప్పుడూ వినలేదు. కాసేపు ఎగాదిగా చూసి తలుపు పూర్తిగా తీశాడు. మెట్లెక్కి వెనక గదికి తీసుకెళ్ళాడు. గది చుట్టూ చెక్క అరలు, అరల నిండా దవడలు. పళ్ళు మాత్రమే ఉండి మొహాలు లేనివి, అన్నీ నవ్వుతున్నట్టే ఉన్నాయి. ఆ గదిలో నవ్వు మొహం లేనిది ఆయనొక్కడికే. కిటికీ ముందు చిన్న బల్ల, దాని మీద సానపట్టే మిషను.

ఆవిడ అలవాటుగా కర్టెన్ విప్పి కిటికీకి పట్టుకుంది. దారప్పోగంత కూడా తేడా లేకుండా సరిపోయింది. గది చీకటైపోయింది.

"తియ్యి, తియ్యి," అన్నాడు పళ్ళాయన కంగారుగా. "పన్ను రంగు దీపం కింద తెలీదమ్మాయ్. దీపం కింద తెల్లగా కనపడింది, వీధిలోకి పోతే పచ్చగా ఉంటుంది. ఎవరి నోటికి ఏ రంగు పన్నో ఈ వెలుతుర్లోనే చూసుకోవాలి. నాకింత అన్నం పెడుతోంది ఈ కిటికీయే. దీనికి పరదా వేస్తావా?"

ఆవిడ కర్టెన్ మడిచేసి, నీళ్ళు నమలకుండా అసలు సంగతి చెప్పేసింది. ఒప్పందం, సంతకం, బ్యాంకు, నెలాఖరు. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

"నా గది ఇంకొకళ్ళ గోడల మీద ఉందని నా చేత్తో నేను రాసివ్వాలా? రేపు నువ్వో, నీ తర్వాత వచ్చేవాళ్ళో, మా గోడ మేం పడగొట్టుకుంటాం, నీ గది నువ్వెత్తుకుపో అంటే ఎక్కడికి పోను?"

ఆవిడకు నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు.

"ఎందుకు నవ్వుతావ్?"

"మీ మీద కాదండీ. కొన్న ఇంట్లోంచి నన్నెవరు పొమ్మంటారోనని నాకు నిద్ర లేదు. సొంత ఇంట్లో కూర్చుని మీకూ అదే భయమా!"

మిషను మీద దుమ్ము లేకపోయినా గుడ్డతో తుడిచాడు. గుడ్డ పక్కన పడేసి, "పాతవాడు నేను మిషను వేస్తే చాలు, చీపురు కర్రతో కింద నుంచి టకటకా కొట్టేవాడు. నువ్వు కొట్టవూ?" అన్నాడు.

కొట్టనని చెప్పేస్తే సరిపోయేది. ఆవిడ ఆలోచించింది. "కొడతానేమోనండీ. నాకు ఓపిక తక్కువ," అంది. "అయినా నా మిషన్లు మాత్రం చప్పుడు చేయవా? పెరట్లో గది కట్టుకుని అన్నీ అక్కడికే తెచ్చుకుందామనుకుంటున్నా."

అనేశాక నాలుక కరుచుకుంది. పళ్ళాయన కిటికీలోంచి కిందికి వంగి పెరటి వంక చూశాడు.

"ఎంత ఎత్తున కడతావ్?"

"కింద ఒకటి, పైన ఒకటి," అంది. అబద్ధం చెప్పి ఒకసారి చాలా దూరం వెళ్ళొచ్చింది, మళ్ళీ వెళ్ళే ఓపిక లేదు.

"సరే, వెళ్ళిరా. ఆలోచించి చెబుతా," అని ఆయన మిషను ముందు కూర్చున్నాడు.

ఆ ఆలోచన తెమిలేదాకా ఆవిడ పడిన అవస్థ చెప్పతరం కాదు. ముళ్ళ మీద కూర్చున్నట్టుందని కూడా అనలేం, కూర్చుంటే కదా! అత్తగారు గిన్నెలు పెట్టెల్లో సర్దేది, కోడలు వాటిని విప్పి ఇంకో పెట్టెలో సర్దేది. మామగారి ఫోటోను మూటలో పెట్టింది, ఊపిరాడనట్టుందని మళ్ళీ బయటికి తీసింది. ఇంటాయన నుంచి రోజూ ఒక ఫోను, బ్యాంకు నుంచి ఒకటి. నాకు ఈ నోరెందుకు పెట్టావురా దేవుడా అని పైకే అనుకునేది.

"చూడూ," అన్నాడు మొగుడు ఒక పొద్దున. "లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్ళకి నేను ఒకటే చెబుతాను, గెంతకండి అని. గెంతితే అది ఇంకా ఇరుక్కుంటుంది."

"గెంతకపోతే ఊపిరాడదండీ," అంది ఆవిడ. ఆ మాటకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఆయన గబుక్కున లేచి, తను తాగుతున్న కాఫీ ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆ రోజే లాయరమ్మ కబురు చేసింది. పళ్ళాయన ఆఫీసుకు వచ్చాడట, సంతకం పెడతానన్నాడట. కానీ ఒక షరతు పెట్టాడు. ఆ పెరట్లో వంటింటి కప్పును మించిన ఎత్తులో ఎవరూ, ఎప్పుడూ ఏమీ కట్టకూడదు. ఆయన కిటికీకి వెలుతురు తగ్గకూడదు.

అంటే మేడ మీద గది లేదు. కింద ఒక్క గది వేసినా ఆ ఇరుకులో బల్ల పడితే మిషన్లు పట్టవు, మిషన్లు పడితే బల్ల పట్టదు. బజారు వెనక కొట్టుకు అద్దె కడుతూ ఉండాల్సిందే.

మొగుణ్ణి తీసుకుని ఆఫీసుకు వెళ్ళిన బొంగరం మొహం కందగడ్డ అయింది. "నా పెరట్లో నేను ఎంత ఎత్తు కట్టుకోవాలో ఆయనా చెప్పేది? ఇంక సొంత ఇల్లని పేరెందుకు?"

"రాసుకోకపోయినా మీరు కట్టేటప్పుడు ఆయన కోర్టుకు వెళ్ళేవాడండీ. అప్పుడు ఇద్దరూ నా చుట్టూ తిరిగేవారు," అంది లాయరమ్మ. "ఇప్పుడైతే ఆయన గదికి మీరు, మీ వంటింటికి ఆయన పూచీ. వద్దనుకుంటే చెప్పండి, ఇల్లు వదిలేద్దాం. ఇంకోటి దొరక్కపోదు."

మొగుడి వంక చూసింది. చూద్దాం అంటాడనుకుంది. "మిషన్లు నీవి. నువ్వేదంటే అదే," అన్నాడాయన.

ఆవిడ ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. దానికున్న కర్టెన్ కుచ్చిళ్ళు ఎవరో అడ్డదిడ్డంగా కుట్టారు. వేళ్ళతో వాటిని సర్దింది. పైన పెద్ద బల్ల, ఇరువైపులా కిటికీలు, మిషన్ల వరుస, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు నిలిచాయి. ఏడుపొచ్చింది, మింగింది. తర్వాత అల్మారా దగ్గర మూలకు జరిగి నిలబడిన అత్తగారు గుర్తొచ్చింది.

"ఎక్కడ పెట్టాలి సంతకం?" అంది.

అంతవరకూ ఆవిడ సంతకం పెట్టిన ఇంటి కాగితాలన్నిటికీ ఒక గడువు ఉండేది. ఇన్ని నెలలు, ఆ తర్వాత ఖాళీ చేయాలి అని. ఈ కాగితంలో ఎక్కడ వెతికినా అలాంటిది లేదు. తను ఉన్నన్నాళ్ళూ, తన తర్వాతివాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఆ గోడలు నిలబెట్టాలని ఉంది. కలం పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. సంతకాలకు పిలిస్తే వచ్చి ఎదురుగా కూర్చున్న పళ్ళాయన, "తొందరగా పెట్టమ్మాయ్, మళ్ళీ నా మనసు మారగలదు," అన్నాడు. ఆవిడ పెట్టేసింది. ఆయన కూడా పెట్టి, కలం మూత బిగిస్తూ, "ఆ పరదా ఏం చేశావ్?" అని అడిగాడు.

"ఏం చేస్తాను? మిగిలిపోయింది."

"పళ్ళు తీసి కూర్చున్నవాళ్ళు బోసినోళ్ళతో ఒకళ్ళకొకళ్ళు కనపడ్డానికి సిగ్గుపడి చస్తున్నారు. గది మధ్యలో అడ్డంగా కట్టుకుంటా. ఇస్తావా?"

ఇచ్చింది. కొత్త కొలతకు అంచు మార్చి మరీ కుట్టి ఇచ్చింది.

నెలాఖరు ఇంకా రాకముందే రిజిస్ట్రేషన్ అయింది. సామాను దిగింది. కర్టెన్ రాడ్లు బిగించేవాడు మర్నాడు గానీ రానన్నాడు. అప్పటిదాకా ఆగడం ఆవిడవల్ల అయ్యే పని కాదు. ముందు మామగారిని ఫ్రిజ్ మీదనుంచి గోడ మీదికి ఎక్కించాలనుకుంది. వంటింట్లో స్టూలు వేసుకుని ఎక్కింది. రెండు మేకులు పెదాల మధ్య కరిచి పట్టుకుంది, సుత్తి అందుకుంది. కింద అత్తగారు ఫోటో గుండెకు హత్తుకుని నిలబడింది.

మేకు గోడకు ఆనించాక ఆవిడ అలవాటుగా ఒకసారి వీధి గుమ్మం వంక చూసింది. అక్కడ ఎవరూ లేరు. సుత్తి ఎత్తి కొట్టింది. మేకు సగం దిగింది. ఇంకో దెబ్బ వేసింది.

పైన సాన మిషను ఆగింది. నేల మీద కర్రతో టకటకా కొట్టిన చప్పుడైంది. కిటికీలోంచి పళ్ళాయన గొంతు వినిపించింది.

"ఏమిటా చప్పుడు?"

అత్తగారు బెదిరిపోయి, "వద్దులేవే, దిగు, ఫ్రిజ్ మీదే పెట్టేద్దాం," అంది.

బొంగరం పెదాల మధ్యనుంచి మేకు తీసి పట్టుకుని, తల పైకెత్తి అరిచింది. ఆ అరుపులో ఏడుపు కూడా కలిసింది.

"మా ఇంట్లో నేను మేకు కొట్టుకుంటున్నానండీ!"

పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత, "కొట్టుకో, కొట్టుకో. కాస్త చూసుకుని కొట్టు, ఆ గోడ మీదే నేనున్నా," అన్నాడు పళ్ళాయన.

సాన మిషను మళ్ళీ గిర్రున తిరిగింది. ఆవిడ ముంజేత్తో కళ్ళు తుడుచుకుని, మేకును చివరిదాకా దిగ్గొట్టి, ఫోటో కోసం చెయ్యి చాపింది.